రాకాసిబల్లుల అన్వేషి - బార్నమ్ బ్రౌన్

మానవుడు భూమిపై అడుగిడుటకు కోట్ల సంవత్సరములకు పూర్వము రాకాసిబల్లులు ఈ ధరణిని ఏలుచుండెను. వానిలో మాంసాహార జంతువులకెల్ల మకుటము వంటిది టిరనోసారస్ రెక్స్. నలువది అడుగుల పొడవు, ఏనుగును మించిన బరువు, నాలుగడుగులకు పైబడిన తల గల ఆ మృగమును సజీవముగా చూచిన మానవుడు లేడు. అయినను దాని రూపమును నేటి బాలబాలికలు సైతము గుర్తింపగలరు. ఇందులకు కారకులైనవారిలో అగ్రగణ్యుడు బార్నమ్ బ్రౌన్.

బ్రౌన్ 1873 వ సంవత్సరము ఫిబ్రవరి 12 వ తేదీన అమెరికా దేశమునందలి కాన్సాస్ రాష్ట్రమున, కార్బన్‌డేల్ అను ఊరిలో, ఒక రైతు కుటుంబమున జన్మించెను. ఆ దినములలో ప్రఖ్యాతి గాంచిన సర్కసు యజమాని బార్నమ్ పేరును శిశువునకు పెట్టిరి. తండ్రి వ్యవసాయము చేయుచు, తన భూమిలోని బొగ్గును కూడ త్రవ్వించుచుండెడివాడు. బొగ్గుపై గల మట్టిని నాగలితో పెల్లగించునపుడు శిలలుగా మారిన గవ్వలు బయల్పడుచుండెడివి. సముద్రమునకు వందలమైళ్ల దూరమున నున్న ఆ పొలము ఒకనాడు సముద్రగర్భమని చెప్పు సాక్ష్యములవి. బాలుడు నాగలి వెంట నడచుచు వానిని ఏరి దాచెడివాడు. ఇంటిలోని సొరుగులు నిండిపోగా, ఆ రాశిని బట్టలుతుకు కొట్టమునకు మార్పవలసివచ్చెను.

పిదప కాన్సాస్ విశ్వవిద్యాలయమున విలిస్టన్ అను ఆచార్యుని కడ బ్రౌన్ విద్య నభ్యసించెను. 1897 లో న్యూయార్కు నగరములోని అమెరికన్ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఉద్యోగమున చేరెను.

1902 వ సంవత్సరమున ఆయన మోంటానా రాష్ట్రమునందలి హెల్ క్రీక్ ప్రాంతమునకు వెడలెను. వానలకు కోసుకొనిపోయిన గుట్టలు, ఎండిన వాగులు తప్ప అచట నీడనిచ్చు చెట్టు అరుదు. ఆ బంజరులో ఇసుకరాతియందు చిక్కుకొని యున్న పెద్ద యెముకలు ఆయన కంటబడెను. అవి మహాకాయము గల ఒక మాంసాహార జంతువువని ఆయన గ్రహించెను.

కాని వానిని వెలికి తీయుట సులభకార్యము కాదు. పైరాతిని మందుగుండుతో ప్రేల్చి, గుర్రములు లాగు నాగలితో మట్టిని తొలగింపవలసివచ్చెను. ఎముకను సమీపించిన పిమ్మట ఉలి, కుంచెలతో మెల్లమెల్లగా పని సాగెను. కోట్ల యేండ్లు నేలలో నున్న యెముక పగిలి పొడియగు ప్రమాదము కలదు. కావున దానిని చుట్టునున్న రాతితో కూడ విడదీసి, ప్లాస్టరులో ముంచిన గోనెగుడ్డ పేలికలను, వైద్యుడు విరిగిన కాలికి కట్టు కట్టునట్లు, చుట్టెడివారు. అట్టి మూట యొకటి దాదాపు రెండు టన్నులు తూగెను. దానిని గుర్రపుబండిపై నూరుమైళ్లకు పైగా నడిపించి రైలుమార్గము చేర్చిరి. 1905 లో మరల వచ్చి మిగిలిన యెముకలను త్రవ్విరి. ఆ సంవత్సరముననే ప్రదర్శనశాలకు చెందిన ఆస్‌బర్న్ అను శాస్త్రజ్ఞుడు ఆ జంతువునకు టిరనోసారస్ రెక్స్ అని నామకరణము చేసెను. నిరంకుశుడైన బల్లిరాజు అని దాని భావము. 1908 లో బ్రౌన్ అదే రాష్ట్రమున ఇంకను ఉత్తమమైన మరియొక అస్థిపంజరమును కనుగొనెను. దాని పుర్రె ఇంచుమించు చెక్కు చెదరక యుండెను.

కీర్తి పెరుగుచుండగనే ఆయనకు తీరని దుఃఖము ప్రాప్తించెను. 1904 లో ఆయన మేరియన్ అను విద్యావతిని వివాహమాడి యుండెను. ఆమె భర్తతో త్రవ్వకపు గుడారములకు సైతము వెళ్లినది. 1910 లో ఆమె స్కార్లెట్ జ్వరమునకు గురియై మరణించెను. రెండేండ్ల కుమార్తె ఫ్రాన్సిస్ మాతామహుల యింట పెరిగెను. తండ్రి ఆ వేసవిలోనే కెనడాలోని ఆల్బర్టా ప్రాంతమునకు పయనమయ్యెను. శాస్త్రమునకు లభించిన నిధుల వెనుక తల్లిని కోల్పోయి, తండ్రికి దూరమైన ఆ బాలిక బాల్యము కూడ కలదని మరువరాదు.

ఆల్బర్టాలోని రెడ్ డీర్ నది ఒడ్డులు నిట్రముగా నుండును. బ్రౌన్ ఒక బల్లకట్టు చేయించి, దానిపై గుడారము వేసి, ప్రవాహము వెంట సాగుచు ఒడ్డులను పరీక్షించెను. ఒకచోట ఆల్బర్టోసారస్ అను మాంసాహార బల్లుల యెముకలు గుంపుగా కనబడెను. కొన్నిటిని సేకరించి, ఛాయాచిత్రములు తీసికొని ఆయన ముందుకు సాగెను. పిదప ఆ తావు మరుగున పడినది. 1997 లో ఫిలిప్ కరీ అను శాస్త్రజ్ఞుడు ఆ పాత ఛాయాచిత్రముల సాయముననే దానిని మరల కనుగొనెను. పిన్నవి, పెద్దవి కలిసి పన్నెండింటికి తక్కువ కాని జంతువులు అచట నుండినట్లు తేలెను. ఇవి కూటములుగా జీవించి, వేటాడెనేమో యని కొందరు శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. వరద వంటి విపత్తు వానిని ఒకచోట చేర్చియుండవచ్చునని మరికొందరి అభిప్రాయము.

బ్రౌన్ వెలికితీసిన బల్లిరాజు యెముకలు కూడ ఇట్లే మాటలాడినవి. దాని దంతముల అంచులు రంపపు పండ్లవలె నుండును. బలిష్ఠమైన దవడలు ఎముకలను సైతము నుగ్గు చేయగలవు. కన్నులు ముందువైపునకు తిరిగియుండుటచే ఎర యెంత దూరమున నున్నదో అంచనా వేయుటకు వీలు కలిగెను. ఘ్రాణశక్తియు అధికమే. అది చచ్చిన జంతువులను మాత్రమే తినెడిదని కొందరు వాదించిరి. కాని దాని దంతము గ్రుచ్చుకొని, గాయము మానిన శాకాహార బల్లి తోక యెముకలు దొరకినట్లు 2013 లో ప్రకటింపబడెను. చచ్చిన జంతువు గాయము మానదు. కావున ఆ యెర బ్రతికి యుండగనే దాడికి గురియై, తప్పించుకొని పోయినదని స్పష్టమగుచున్నది.

1908 నాటి అస్థిపంజరమును 1915 లో న్యూయార్కున ప్రదర్శనకు నిలిపిరి. నాడు దానిని మనుష్యునివలె నిటారుగా, తోక నేలపై ఈడ్చుచున్నట్లు నిలిపిరి. ఆ భంగిమ సరికాదని పిదప తెలిసెను. తల, తోకలు త్రాసు తట్టలవలె తూగ, వెన్ను నేలకు సమాంతరముగా నుంచి అది నడచెడిది. 1990 తరువాతి సంవత్సరములలో దానిని సవరించిరి. ఎముకలు పదిలముగా నుండుటచేతనే ఆ దోషమును దిద్దుట సాధ్యమయ్యెను.

బ్రౌన్ త్రవ్వకపు తావులకు సైతము బొచ్చుకోటు, మెడపట్టీ ధరించి వెళ్లెడివాడు. 1922 లో లిలియన్ అను ఆమెను ద్వితీయ వివాహమాడెను. ఆ కాలముననే అవిభక్త భారతదేశపు శివాలిక కొండలలో ప్రాచీన జంతువుల యెముకలను సేకరించెను. బర్మాలో మలేరియా సోకి ప్రాణాపాయము కలుగగా, భార్య శుశ్రూషచే కోలుకొనెను. 1942 లో ఉద్యోగవిరమణ చేసినను అన్వేషణము మానలేదు. 1963 ఫిబ్రవరి 5 వ తేదీన, తొంబదియవ జన్మదినమునకు వారము ముందుగా, న్యూయార్కులో కన్నుమూసెను.

ఊహలు కాలముతో మారును. శ్రద్ధతో సేకరించి భద్రపరచిన ఆధారములు మాత్రము తరతరములకు క్రొత్త సంగతులు చెప్పుచుండును. బ్రౌన్ లోకమునకు ఇచ్చినవి అట్టి ఆధారములే.