మువ్వురు మిత్రులు - మున్నీరు

సముద్రమును మన పూర్వులు రత్నాకరమనిరి. అందు రత్నములు కలవని చెప్పినవారే గాని దిగి చూచి వచ్చినవారు మిక్కిలి తక్కువ. ముత్యపు చిప్పలకై మునుగువారు ఊపిరి బిగబట్టి నిమిషమో, రెండు నిమిషములో నీటిలో నుండగలిగిరి. రాగి శిరస్త్రాణము ధరించి, పైనున్న పడవనుండి గొట్టము ద్వారా గాలి తెప్పించుకొనువారు ఎక్కువసేపు నిలువగలిగిరి. కాని వారు గుంజకు కట్టిన గొడ్డువలె ఆ గొట్టము సాగినంత మేరకే తిరుగవలసి యుండెను. చేపవలె ఏ బంధమును లేక నీటిలో విహరించుట మొన్నమొన్నటి వరకు మానవునకు కలగానే యుండెను.

ఆ కలను నిజము చేసినవారిలో ప్రసిద్ధుడు ఫ్రెంచి నౌకాదళాధికారి జాక్ ఈవ్ కూస్తో. ఆ పేరు వినగనే ఎర్రని ఉన్నిటోపీయు, కలిప్సో అను నౌకయు, టెలివిజను చిత్రములును అందరకు స్ఫురించును. అది కీర్తి వచ్చిన తరువాతి కథ. నాకు మాత్రము దానికి ముందటి పదియేండ్ల కథయే ఎక్కువ మనోహరముగ తోచుచున్నది. ముగ్గురు స్నేహితులు కొలువు పనులు ముగించుకొని, తీరిక దొరికినప్పుడెల్ల చల్లని నీటిలోనికి ఉరికిన కథ యది. శాస్త్రమునకు సేవ చేయుదమని వారు మొదలిడలేదు. ఆట కొరకు మొదలిడిరి.

కూస్తో 1910 జూన్ 11వ తేదీన ఫ్రాన్సు దేశమున, బోర్డో నగరమునకు చేరువనున్న సేంతాంద్రె ద క్యూబ్జాక్ అను చిన్న ఊరిలో జన్మించెను. బాల్యమున ఆరోగ్యము అంతంతమాత్రము. పదియేండ్ల ప్రాయమున కొంతకాలము తల్లిదండ్రులతో అమెరికాలో నుండెను. అక్కడ వేసవి శిబిరమున ఒక ఉపాధ్యాయునకు ఈ కుఱ్ఱవానియందు ఇష్టము లేదట. సరస్సు అడుగున పేరుకొన్న కొమ్మలను తీసివేయుమని అతనిని నీటిలోనికి దింపెను. ఆ పని శిక్షగా పెట్టినది, శిష్యునకు వరమైనది. ఉపాధ్యాయులమైన మనము ఈ సంగతిని కొంచెము జ్ఞాపకముంచుకొనవచ్చును.

1930లో అతడు బ్రెస్టు నగరమందలి నౌకాదళ విద్యాలయమున చేరెను. విమానము నడుపవలెనని అతని ఆశ. 1936లో రాత్రివేళ కారు ప్రమాదమునకు లోనై రెండు చేతులును విరిగినవి. ఒక చేయి తీసివేయవలెనని వైద్యులు తలపోయగా అతడు సమ్మతింపలేదు. నెలల తరబడి పాటుపడగా చేతులు కదలినవి గాని వైమానికుడు కావలెనన్న ఆశ అంతటితో ముగిసెను. తూలాన్ రేవులో పనికి కుదిరినపుడు, అతనికంటె అయిదేండ్లు పెద్దవాడైన ఫిలిప్ తాయే అను తోటి అధికారి, ఈదినచో చేతులకు బలము వచ్చునని చెప్పి, అతనిచేతికి నీటికళ్లద్దముల జతనొకదానిని ఇచ్చెను. కూస్తో అవి ధరించి సముద్రములో తల ముంచెను. పైన చూచిన యెడల వీథులు, బండ్లు, విద్యుద్దీపపు స్తంభములు; క్రింద చూచిన యెడల నాచు, చేపలు, మరియొక లోకము. ఆనాటితో తన జీవితము మారెనని అతడు వృద్ధాప్యమున గూడ చెప్పుచుండెడివాడు.

తాయే మరియొకనిని వెంటబెట్టుకొని వచ్చెను. అతడు ఫ్రెదెరిక్ ద్యుమా. ఉద్యోగమనునది లేదు; బల్లెముతో చేపలను వేటాడుటలో ఆ తీరమున అతనిని మించినవాడు లేడు. 1938 నాటికి ముగ్గురును కలిసిరి. ఒకడు యోచనాపరుడు, ఒకడు సాహసి, ఒకడు కొత్త పనిముట్టు కొరకు నిత్యము వెదకువాడు. ఈ మూడవవాడే కూస్తో.

మధ్యధరా సముద్రము వేసవిలో సుఖమిచ్చును గాని శీతకాలమున ఎముకలు కొరుకును. నీరు గాలికంటె ఇంచుమించు ఇరువదియైదు రెట్లు వేగముగ శరీరమునందలి వేడిని లాగివేయును. ఒడలికి కొవ్వు పూసికొన్నచో చలి సోకదనియు, సారాయి త్రాగినచో వెచ్చగ నుండుననియు నావికులలో నమ్మకములు కలవు. మిత్రులు వీనిని తమపైననే పరీక్షించి చూచిరి. కొవ్వు నీటికి కొట్టుకొనిపోయి ఉపయోగపడలేదు. సారాయి వేడినిచ్చుటకు మారు ఉన్న వేడిని పోగొట్టెను. అప్పుడు కూస్తో తానే కూర్చుండి రబ్బరు గుడ్డను కత్తిరించి, అతికించి దుస్తులు తయారుచేయసాగెను. తొలి దుస్తులు నవ్వు పుట్టించునట్లు ఉండెడివి. అయినను కొంత చలి తగ్గెను. 1939లో స్వచ్ఛమైన ఆమ్లజనిని పీల్చెడి పరికరముతో దిగి రెండుమారులు ఈడ్పులు వచ్చి చావు తప్పించుకొనెను. కొలది మీటర్ల లోతు దాటగనే ఆమ్లజనియే విషమగునని అందువలన తెలిసెను.

యుద్ధము వచ్చెను. 1942 నవంబరు 27న తూలాన్ రేవులో ఫ్రెంచి నౌకాదళము శత్రువుల చేత చిక్కకుండుటకై తన ఓడలను తానే ముంచివేసికొనెను. కొలువు లేని అధికారులకు తీరిక మిగిలెను. ఆ డిసెంబరులో కూస్తో పారిసు నగరమునకు పోయి ఎమిల్ గన్యాన్ అను ఇంజనీరును కలిసికొనెను. కూస్తో భార్య సిమోన్ తండ్రి ఎయిర్ లిక్విడ్ అను వాయువుల పరిశ్రమలో పెద్ద అధికారి. గన్యాన్ అచ్చట పనిచేయువాడు. పెట్రోలు కరవైన ఆ దినములలో మోటారు బండ్లను బొగ్గు వాయువుతో నడుపుటకు అతడొక చిన్న కవాటమును కల్పించి యుండెను. నీటిలో మనిషికి గాలి నందించుటకు అదియే పనికివచ్చునేమో యని ఇద్దరును యోచించిరి.

దాని మర్మము విద్యార్థులు సులభముగ గ్రహింపగలరు. పెట్టెలో ఒక పలుచని రబ్బరు పొర యుండును. పొర కావల నీరు, ఈవల గాలి. మనిషి ఊపిరి పీల్చగనే ఈవలి గాలి తగ్గి పొర లోనికి వంగును. వంగిన పొర ఒక మీటను నొక్కును. కవాటము తెరచుకొని వీపుమీది సీసాలలోని గాలి నోటికి వచ్చును. పీల్చుట ఆపగనే కవాటము మూసికొనును. పది మీటర్లు దిగినకొలది నీటి ఒత్తిడి వాతావరణపు ఒత్తిడి యంత చొప్పున పెరుగుచుండును. ఆ ఒత్తిడియే పొరను నొక్కుచున్నది గనుక గాలియు సరిగా అంత ఒత్తిడితోనే వచ్చి ఱొమ్మును నలిగిపోనీయదు. కోరినపుడు గాలినిచ్చు యంత్రము పందొమ్మిదవ శతాబ్దియందే రుకైరోల్, దెనైరూజ్ అను ఫ్రెంచివారు చేసియుండిరి. కాని అంతటి ఒత్తిడి నోర్చు సీసాలు ఆనాడు లేవు. కీర్తియంతయు కూస్తోకు దక్కెను. గన్యాన్ పేరు ఎందరికి తెలియును?

తొలి పరీక్ష 1943 ఆరంభమున, చలికాలములో, పారిసు దాపున మార్న్ నదిలో జరిగెను. అడ్డముగ ఈదునపుడు గాలి చక్కగ వచ్చెను. నిటారుగ నిలువగనే గాలి వృథాగ బుడగలై పోయెను. తలక్రిందులు కాగానే ఊపిరి అందలేదు. వణకుచు ఒడ్డెక్కి తిరిగి పోవుచుండగా కారణము తోచెను. విడిచిన గాలి బయటికి పోవు రంధ్రము, గాలి నిచ్చు పొర వేరువేరు ఎత్తులలో నుండుటచే వానిపై ఒత్తిడి సమముగ లేదు. రెంటిని ఒక్కచోటికి చేర్చిరి. దోషము తొలగెను.

జూన్ నెలలో ఆ యంత్రము రైలుమీద బాందోల్ స్టేషనుకు చేరెను. ముగ్గురును పిల్లలవలె ఆత్రపడుచు పెట్టె విప్పిరి. కూస్తో నీటిలోనికి దిగెను. సిమోన్ పైన ఈదుచు అతనిని కనిపెట్టుచుండెను. ఆపద కలిగినచో దుముకుటకు ద్యుమా ఒడ్డున సిద్ధముగ నుండెను. కూస్తో తలక్రిందులయ్యెను, పల్టీలు కొట్టెను, ఒక్క వ్రేలిమీద నిలిచెను, గాలి ఆగలేదు. ఒక గుహలో పెద్ద రొయ్యజాతి జీవములు కనబడగా పట్టి తెచ్చెను. యుద్ధపు కరవు దినములు. ఆనాటి విందు ఎంత రుచించెనో ఊహించుకొనవచ్చును. ఆ యేటి అక్టోబరులో ద్యుమా 62 మీటర్ల లోతు దిగి, అచ్చట ఒక విధమైన మత్తు మనిషిని ఆవరించునని తెలిసికొని వచ్చెను. ఒత్తిడికి లోనైన నత్రజని కల్పించు మత్తది.

యుద్ధానంతరము, 1945లో నౌకాదళము తూలాన్‌లో జలాంతర పరిశోధక బృందము నొకదానిని నెలకొల్పి తాయేను నాయకుని జేసెను. మోరిస్ ఫార్గ్ అను నావికుడందు చేరెను. ఇక 1946 ఆగస్టు 27 నాటి సంగతి చెప్పవలెను.

దక్షిణ ఫ్రాన్సులో వోక్లూజ్ అను ఊట కలదు. కొండ పాదమున చిన్న మడుగు. ఏటేట వసంతమున అందుండి ఒక నదియే పొంగి ప్రవహించును. పదునాలుగవ శతాబ్దిలో పెట్రార్కు మహాకవి ఆ ప్రాంతముననే నివసించి కావ్యములు రచించెను; అందుచే ఆ నీరు సాహిత్య విద్యార్థులకును చుట్టమే. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చునో తెలియక జనులు దానిని పాతాళగంగవలె చూచుచుండిరి. మిత్రులు దాని గుట్టు తెలియవలెనని బయలుదేరిరి. మండు వేసవిలోనైనను ఆ నీరు చల్లనిదే. లోపల చిమ్మచీకటి.

కూస్తో, ద్యుమా ఒకరికొకరు త్రాడు కట్టుకొని దిగిరి. పైనుండి వ్రేలాడిన మరియొక త్రాటికొనను పడవలో ఫార్గ్ పట్టుకొనెను. ఒకమారు లాగిన యెడల సడలిన త్రాటిని బిగింపవలెను; మూడుమారులైన ఇంకను వదలవలెను; ఆరుమారులైన పైకి చేదవలెను. సంజ్ఞలింతే. సిమోన్ అచ్చట నిలువలేక ఊరిలోని కాఫీ హోటలుకు వెడలిపోయెను.

ఇంచుమించు 46 మీటర్ల లోతున ఇద్దరికిని బుద్ధి మందగించెను. అది మామూలు మత్తు కాదు. కూస్తో తన పని యేమో మరచెను. ద్యుమా దుస్తులలోనికి చన్నీరు చొచ్చి ఒడలు స్తంభించెను. అతని నోటినుండి గాలిగొట్టము జారసాగెను. కూస్తో మిత్రుని బరువును మోయుచు త్రాటిని పట్టుకొని పైకి ప్రాకబోయెను. ప్రతి పట్టును పైనున్న ఫార్గునకు త్రాడు వదలుమన్నట్లు తోచెను. అతడు విశ్వాసముతో వదలుచుండెను. క్రిందివాడు ప్రాకినకొలది త్రాడు క్రిందికే వచ్చుచుండెను! ఇంతకంటె భయంకరమైన అపార్థము స్నేహితుల నడుమ కలుగుట అరుదు. చివరకు కూస్తోకు ఆరుమారులు లాగవలెనన్న మాట స్ఫురించెను. సడలిన త్రాడు రాళ్లకు తగులుకొనియుండుటచే సంజ్ఞ స్పష్టముగ చేరలేదు. అయినను ఫార్గ్ ఇక తర్కింపక చేదుట మొదలిడెను. రెండు శరీరములును వెలుగులోనికి వచ్చెను. మంట వేసి ద్యుమాను కాచిరి. ప్రాణము నిలిచెను.

విశేషమేమనగా, అదే దినమున తాయేయు మరియొకడును మరల దిగిరి! వారును తూలుచు వచ్చిరి. తూలాన్ చేరి సీసాలలోని గాలిని పరీక్షింపగా రహస్యము బయటపడెను. గాలి నింపెడి యంత్రము తన పొగను తానే పీల్చి సీసాలలోనికి పంపినది. బొగ్గుపులుసు వాయువు కాదు, దానికంటె ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడు. దోషము ఊటలో లేదు, సీసాలలో నుండెను. ఆ మడుగు గుట్టు ఆనాడు తేలలేదు. 1985లో ఒక యంత్రమును దింపి 308 మీటర్ల లోతున అడుగు కనుగొనిరి.

మరుసటి యేడు, 1947 సెప్టెంబరు 17న, ఎంత లోతువరకు పోవచ్చునో పరీక్షించుటకై ఫార్గ్ తూలాన్ వద్ద దిగెను. వ్రేలాడదీసిన త్రాటికి అక్కడక్కడ పలకలు కట్టియుండెను. చేరిన పలకమీద పేరు వ్రాయవలెను. క్షేమమను సంజ్ఞ కొంతసేపు వచ్చెను. పిదప నిలిచిపోయెను. ఆనాడు త్రాడు లాగినవారు అతని మిత్రులు. నోటిగొట్టము వదలిపోయి, స్పృహలేని దేహము పైకి వచ్చెను. గంటల తరబడి ప్రయత్నించిరి గాని లాభము లేకపోయెను. తరువాత త్రాటిని పూర్తిగ లాగి చూడగా 120 మీటర్ల పలకమీద అతని పేరు పొడి అక్షరములు కనబడెను. ఏడాది క్రిందట వోక్లూజ్‌లో వీరి ప్రాణములను చేదినవాడతడే.

ఆ పిమ్మటి చరిత్ర సుపరిచితము. 1950లో ఒక ఆంగ్లేయ ధనికుడు పాత యుద్ధనౌకను కొని కూస్తోకు నామమాత్రపు అద్దెకిచ్చెను, అదియే కలిప్సో. 1953లో ద్యుమాతో కలిసి వ్రాసిన గ్రంథమును, 1956లో లూయీ మాల్‌తో కలిసి తీసిన చిత్రమును ఒక్క పేరుతోనే లోకమును మెప్పించెను. చిత్రమునకు కాన్ నగరమున అత్యున్నత బహుమానము లభించెను. ఆ చిత్రములో పగడపుదిబ్బను డైనమైటుతో పేల్చి చేపలను లెక్కించిన దృశ్యము కలదు. సొరచేపలను చావమోదిన దృశ్యమును కలదు. నేడు చూచువారికి ఒడలు గగుర్పొడుచును. దానిని దాచిపెట్టుట అతని భక్తులకు తగదు. 1960లో అణువ్యర్థములను మధ్యధరాలో పారవేయ తలపెట్టగా ఎదిరించి నిలిచినవాడును ఇతడే యనుట గూడ మరువరాదు.

1972లో కలిప్సో దక్షిణ ధ్రువ సముద్రమునకు పోయెను. ఉప్పునీరు సున్న డిగ్రీలకు దిగువనైనను గడ్డకట్టని ఆ చోట, తేలెడి మంచుకొండల క్రిందికి అతని జతగాండ్రు దిగి నీలికాంతిలో చిత్రములు తీసిరి. రబ్బరు గుడ్డ అతికించుకొనిన కాలము గడచిపోయెను. కాని ఆపద గడచిపోలేదు. ఆ యాత్రలోనే నౌకాధికారి యొకడు హెలికాప్టరు రెక్క తగిలి మరణించెను. 1979లో కూస్తో రెండవ కుమారుడు ఫిలిప్ లిస్బను వద్ద నీటివిమాన ప్రమాదమున కన్నుమూసెను. తండ్రి కిది తీరని దెబ్బ. 1990లో సిమోన్ గతించెను. కలిప్సోపై కూస్తోకంటె ఎక్కువ దినములు గడపినది ఆమెయే యని సిబ్బంది చెప్పుకొనెడివారు. 1996లో సింగపూరు రేవులో ఒక పెద్దపడవ ఢీకొని కలిప్సో మునిగెను. మునిగిన నౌకను పైకెత్తిరి గాని మరల యాత్ర చేయలేదు. 1997 జూన్ 25న కూస్తో పారిసులో మరణింపగా, పుట్టిన ఊరిలోనే సమాధి చేసిరి.

ద్యుమా అంతకు ఆరేండ్ల ముందే పోయియుండెను. నీటికళ్లద్దములు ఇచ్చిన తాయే, మువ్వురిలో పెద్దవాడు, తొంబదియేడేండ్లు బ్రతికి 2002లో కన్నుమూసెను.