మన్రో దొరగారి చివరి ప్రయాణం

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించగా, మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలకు కలెక్టరుగా వచ్చినవారు థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో జన్మించిన ఆయన 1807 వరకు గుడారాలలో బసచేస్తూ, ఊరూరా తిరిగి రైతుల గోడు విన్నారు. 1820లో మద్రాసు గవర్నరైనారు.

1827లో స్వదేశం వెళ్లబోయే ముందు దత్తమండలాల ప్రజలను కడసారి చూడాలని బయలుదేరారు. దారిలో పరివారంలో కలరా పుట్టింది. జూలై 6న పత్తికొండలో ఆయనా ఆ జాడ్యానికే బలియైనారు. గుత్తిలో సమాధి చేసి, 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి చేర్చారు.

వేంపల్లె దగ్గర గండిలో ఆయనకు బంగారు తోరణం కనబడిందనీ, అది మరణసూచన అనీ మన పెద్దలు చెప్పగా విన్నాము. ఆయన ప్రాణం తీసినది మాత్రం కలరాయే. అది మురికినీటి వలన సోకుతుందని 1854లో లండనులో జాన్ స్నో చూపారు. 1884లో కలకత్తాలో రాబర్ట్ కాక్ దాని క్రిమిని నిర్ధారించారు. అంతకుముందు గవర్నరుకైనా, గుడారం మోసే కూలికైనా ఆ జాడ్యం నుండి రక్షణ లేకపోయింది.

పత్తికొండలో ప్రభుత్వం ఆయన జ్ఞాపకార్థం తోపు వేసి, బావి త్రవ్వించింది. కలరాతో పోయిన మనిషికి మంచినీటి బావి కంటే తగిన స్మారకం మరొకటి లేదని మేము తలుస్తున్నాము.