గాయక సార్వభౌముడు పారుపల్లి పంతులుగారు

చల్లపల్లిని నడుమ నుంచుకొని నలుదెసల పది పన్నెండు మైళ్లు తిరిగిన చాలును, ఆంధ్రుల పాటకును, ఆటకును, పద్యమునకును పుట్టినిండ్లు వరుసగా కానవచ్చును. క్షేత్రయ్య పదముల మొవ్వ ఇచ్చటిదే. సిద్ధేంద్రయోగి కూచిపూడి ఇచ్చటిదే. చల్లపల్లి ప్రభువుల ఆదరమున కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవునిపై శతకము చెప్పినదియు ఈ నేలమీదనే. శ్రీకాకుళమనగా ఉత్తరాంధ్రమునందలి పట్టణము కాదు. కృష్ణయొడ్డున ఆంధ్రమహావిష్ణువు వెలసియున్న గ్రామము. ఆ గ్రామమునందు 1883లో జన్మించినవారు గాయక సార్వభౌమ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు.

నేడు పంతులుగారి పేరు చెప్పగనే వినువారు మరియొక పేరు జోడింతురు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి గురువులు గదా యందురు. నిజమే. కాని యా యొక్క మాటతో ముగించుట ఆ జీవితమునకు న్యాయము కాదు. గురువు కాకపూర్వము వారు శిష్యులు. ఎన్నాళ్లకును శిష్యత్వమును మరువని శిష్యులు.

వారి గురువులు పెదకళ్లేపల్లి వాస్తవ్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. పెదకళ్లేపల్లియు కృష్ణాతీరమే. దుర్గానాగేశ్వరస్వామి కొలువుండుటచే దానిని దక్షిణకాశి యందురు. వేటూరి ప్రభాకర శాస్త్రిగారిని కన్న యూరును అదియే. శాస్త్రిగారిది త్యాగరాజస్వామి శిష్యపరంపర. స్వామి శిష్యులును, బంధువులునైన మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారి మార్గమున ఆ విద్య శాస్త్రిగారికి సంక్రమించినది. ఇందొక వింత కలదు. త్యాగరాజు తెలుగువాడు, పాడినది తెలుగుపాట. అయినను ఆ పాట 1847లో స్వామి సిద్ధిపొందునాటికి కావేరితీరమున వేళ్లు దన్నుకొనియున్నది. దానిని పాఠాంతరశుద్ధితో నేర్వదలచిన తెలుగు బిడ్డ దక్షిణాదికి పోవలసివచ్చెను. అట్లు పోయి తెచ్చిన సొత్తును శాస్త్రిగారు దివిసీమకు చేరువనున్న యొక పల్లెటూరిలో కూర్చుండి పంచిపెట్టిరి. 1917లో శాస్త్రిగారు పరమపదించునప్పటికి పంతులుగారికి ముప్పదినాలుగేండ్లు. గురువు పోయిన పిదప ఆ సొత్తునకు కావలి యెవరన్న ప్రశ్న వారియెదుట నిలిచినది.

తరువాతి పంతులుగారి బ్రతుకంతయు ఆ ప్రశ్నకు సమాధానమే. వారు విజయవాడయందు నివాస మేర్పరచుకొనిరి. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఆనకట్ట కట్టినది మొదలు డెల్టా పచ్చబడినది. రైలుమార్గములు కూడిన బెజవాడ వర్తకమునకు కూడలి యయ్యెను. జమీందారుల కొలువుకూటములయందలి విద్యలు మెల్లమెల్లగా పట్టణములు చేరుచుండెను. కాని ఆ దినములలో ఈ సీమవారికి పాటయనగా నాటకములోని పద్యమే. హార్మోనియము శ్రుతిపై నటుడు రాగము తీయుచుండ తెల్లవారువరకు జనము కదలకపోవుట, ఒకే పద్యమునకు పదేపదే వన్స్‌మోర్ కొట్టుట పెద్దలెల్లరు నెరిగినదే. పద్యనాటకమును తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. అది మన చెవులను మేల్కొలిపినది. అయితే తంబుర మీటుకొని ఒక్క కృతిని ఏండ్లతరబడి సాధించువానికి ఆ హోరులో చోటు స్వల్పము. పంతులుగారు ఆ స్వల్పమైన చోటనే కూర్చుండిరి. కచేరీలు చేసిరి. గాయక సార్వభౌమ బిరుదు వారి పేరునకు విడదీయరాని భాగమైనది. దానికంటె ముఖ్యముగా ఇంటిని గురుకులము చేసిరి.

గురుకులమనిన నేటివారికి పుస్తకములలోని మాట. ఒక గృహస్థునకు దాని భారమెట్టిదో యోచింపుడు. పరుల బిడ్డలు ఇంట నుందురు. వారి ఆకలి, జ్వరము, అల్లరి అన్నియు ఆ యింటివే. వేకువనే శ్రుతి సవరింపవలెను. సరళీవరుసలు, జంటవరుసలు మూడుకాలములందును సాగవలెను. కృతిని కాగితముపై వ్రాసి యిచ్చుట కాదు. గురువు ఒక సంగతి పాడును, శిష్యుడు అనును, తప్పినచో మరల పాడును. ఇరువదిమార్లు పాడవలసినచో ఇరువదిమార్లు పాడవలెను. కచేరికి దాచుకొనవలసిన కంఠమును గురువు పాఠమునకే ఖర్చుచేయును. సంసారియైన విద్వాంసుడు చేయగల దానములలో ఇంతకు మించినది నాకు తోచదు.

ఆ యింటికి వచ్చిన పిల్లలలో ఒకడు మంగళంపల్లి మురళీకృష్ణ. 1930లో తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తమున జన్మించినవాడు. శైశవముననే తల్లి పోయినది. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు, వయొలిన్, వీణ తెలిసినవారు. కుమారుని చేయి పట్టుకొని పంతులుగారికి అప్పగించిరి. తన గురువు శాస్త్రిగారి స్మృతికై పంతులుగారు విజయవాడలో సద్గురు ఆరాధనోత్సవములు నడుపుచుండెడివారు. ఒక యేడు ఆ సభలో పదేండ్లు నిండీ నిండని ఈ పిల్లవానికి అరగంట కాలము కేటాయించిరి. పెద్ద విద్వాంసుల నడుమ బాలున కంతకుమించి యిచ్చుట ఏ నిర్వాహకునకును సాధ్యము కాదు. పిల్లవాడు పాడసాగెను. అరగంట గడచెను, గంట గడచెను. సభ లేవలేదు, ఆపుమనువారు లేరు. దాదాపు మూడుగంటలు సాగినది ఆ గానము. తరువాత పాడవలసిన పెద్దలుండగా గడియారము వంక చూడకుండుట నిర్వాహకునకు సులభమా? గురువునకు మాత్రము అంతకన్న పండుగ వేరొకటి యుండదు. ఆ సభయందే హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు మురళీకృష్ణ పేరునకు ముందు బాల యని చేర్చి ఆశీర్వదించిరి. ఆ ముద్దుపేరే లోకమున నిలిచినది. ఒక గురువు పేర జరుగు ఉత్సవములో, ఆ గురువునకు మనుమని వరుసవాడు వెలుగులోనికి వచ్చినాడు. త్యాగరాజస్వామినుండి లెక్కించినచో అయిదవవాడు.

పిల్లవాడింత యెదుగుచుండగా గురువు పేరు అతని నీడలోనికి జారుట సహజము. అది పంతులుగారికి నష్టమనుకొనువారు కలరు. నాకును ఒకప్పుడట్లే తోచెడిది. ఇప్పుడా పక్షము పూర్తిగా విడువలేను గాని, ఒక్క శిష్యునితో లెక్క ముగియదని మాత్రము చెప్పగలను. సోమవరప్పాడున 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామిగారును పంతులుగారి యొద్దనే నేర్చినవారు. 1948 డిసెంబరులో విజయవాడయందు ఆకాశవాణి కేంద్రము నెలకొన్నది. రామస్వామిగారి వయొలిన్ అందు దశాబ్దములపాటు మ్రోగినది. 2021లో పద్మశ్రీ వారిని వెదకుకొని వచ్చినది. బాలమురళిగారు అదే కేంద్రమునుండి భక్తిరంజని ప్రారంభించిరి. కృష్ణాడెల్టా పల్లెలలో తెల్లవారుజామున పాలు పితుకువారును, పొయ్యి రాజవేయువారును ఆ పాటలు వినుచు పనులు చేసికొనిరి. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులైనవారును బాలమురళిగారే. ఒకయింటి పాఠము ఊరి పాఠమైనది, ఊరి పాఠము గాలిలో కలిసి ఇల్లిల్లు చేరినది. ఆ విన్నవారిలో పంతులుగారి పేరెరిగినవా రెందరు?

పెదకళ్లేపల్లి శాస్త్రిగారికి ఈ విషయమున కొంత అదృష్టము కలదు. వారి పేరే పెట్టుకొనిన మనుమడు, 1921లో జన్మించిన సుసర్ల దక్షిణామూర్తిగారు, నర్తనశాల వంటి చిత్రములకు సంగీతము కూర్చి ఆ పేరును మరల జనుల నోట నిలిపిరి. పంతులుగారి పేరు శిష్యుల నోటనే నిలువవలసియున్నది. బాలమురళిగారు 2016లో కన్నుమూయువరకు తన పరంపర చెప్పునపుడు ఆ పేరు విడువలేదు.

పంతులుగారు 1951లో స్వర్గస్థులైరి. బాలమురళికి అప్పటికి ఇరువదియొక్కయేండ్లు. పదునైదేండ్ల ప్రాయమునుండియే అతడు డెబ్బదిరెండు మేళకర్తలలోను కృతులు కట్ట మొదలిడియుండెను. గురువుల యింట స్వరము స్వరముగా నేర్చిన విద్య ఆ కృతులకు పెట్టుబడి. అవి జనకరాగమంజరి యను పేర అచ్చుపడినది 1952లో. గ్రంథము చేత పట్టి చూచుటకు అప్పటికి పంతులుగారు లేరు.