గ్రేస్ హాపర్ జీవిత సంగ్రహము

పొరపాటు చేయుట మానవులకు సహజము. అది యెచ్చట జరిగెనో తెలిసికొనుట మాత్రము సులభము కాదు. గణకయంత్రములకు మనుష్యభాషను చేరువ చేసిన గ్రేస్ హాపర్ చరిత్రము ఈ సంగతిని మనకు చక్కగా బోధించును.

ఈమె 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున అలారము గడియార మెట్లు మ్రోగునో చూడగోరి, ఇంటనున్న ఏడు గడియారములను విప్పివేసెనట. పిదప లాటిన్ పరీక్షలో తప్పి, కళాశాలా ప్రవేశమునకు ఒక యేడు వేచియుండవలసి వచ్చెను. అయినను నిరుత్సాహపడక వాసర్ కళాశాలలో చేరి 1928లో పట్టభద్రురాలయ్యెను. 1934లో యేల్ విశ్వవిద్యాలయమునుండి గణితశాస్త్రమున డాక్టరు పట్టము నందెను.

రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున, శరీరపు బరువు నియమమునకు తక్కువైనను ప్రత్యేకానుమతి పొంది, 1943 డిసెంబరులో అమెరికా నౌకాదళపు రిజర్వున చేరెను. మరుసటి యేడు హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ 1 అను 51 అడుగుల పొడవైన గణకయంత్రముపై పనిచేయ నియమింపబడెను. ఆ యంత్రమునకు ఆజ్ఞలను కాగితపు పట్టీపై రంధ్రములుగా పొడిచి అందింపవలసి యుండెను.

1947 సెప్టెంబరు 9వ తేదీన మార్క్ 2 యంత్రము సరిగా పనిచేయకుండుటచే పనివారు వెదకి, ఒక రిలేలో చిక్కిన రెక్కల పురుగును తీసి దినచర్య పుస్తకమున అంటించిరి. దానిని కనుగొన్నది హాపరే యని కొందఱందురు గాని, ఆమె ఆ కథను ప్రచారము చేసినది మాత్రమే. యంత్రదోషమును బగ్ అనుటయు అంతకు పూర్వమే కలదు. ఆ పుటలో మనము గమనింపదగినది వేఱొకటి గలదు: ఎఫ్ అను ఫలకము, 70వ రిలే యని దోషస్థానము అందు స్పష్టముగా వ్రాయబడినది.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ సంస్థలో చేరెను. అంతకుముందే ఆమె యొక విషయము కనిపెట్టి యుండెను. పరీక్షించి యుంచిన ఆజ్ఞలను ఒకరి పుస్తకమునుండి మఱియొకరు ఎత్తి వ్రాసికొనునపుడును, వాని స్థానసంఖ్యలను కూడునపుడును తప్పులు దొరలుచుండెను. ఆ పనిని యంత్రమే చేయవలెనని తలంచి 1952లో ఎ-0 అను కంపైలరును నిర్మించెను. మొదట పెక్కుమంది నమ్మరైరి. ఆమె పట్టు విడువక, ఆంగ్లపదములతో ఆజ్ఞలు వ్రాయదగిన ఫ్లో-మాటిక్ అను భాషను సిద్ధపఱచెను. 1959లో ఆరంభమైన కోబాల్ భాషకు అదియే ముఖ్యాధారమయ్యెను.

అయితే ఇచ్చట నొక చిక్కు గలదు. మనుష్యుడు వ్రాయు పంక్తి వేఱు, యంత్రము నడపు ఆజ్ఞ వేఱు. కావున తరువాతి కంపైలర్లు ఏ యాజ్ఞ ఏ పంక్తినుండి పుట్టెనో తెలుపు పట్టికను గూడ వ్రాయ నేర్చినవి. దోషమును వెదకు డీబగ్గరు ఆ పట్టికను చదివి పంక్తిసంఖ్యను చూపును. కంపైలరు తనంతట చేర్చిన యాజ్ఞలలో కొన్నింటికి మూలమున పంక్తియే యుండదు. డ్వార్ఫ్ అను పద్ధతిలో అట్టివానికి సున్న సంఖ్య నిత్తురు. డీబగ్గరు ఆ సున్నను గ్రహింపక, ఆ యాజ్ఞను ముందున్న 12వ పంక్తికి అంటగట్టినచో, పాపము! నిర్దోషమగు 12వ పంక్తిపై నింద పడును. అసలు దోషము దాగియుండును. సున్నను సున్నగా చదువ నేర్పుటయే అట్టి డీబగ్గరునకు చేయవలసిన సవరణ. క్షిపణులకు సంబంధించిన డి.ఆర్.డి.ఎల్., భారత్ డైనమిక్స్ సంస్థలు గల మన కంచన్‌బాగ్‌వాసులకు ఇట్టి జాగ్రత్త విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

హాపర్ 79 ఏండ్ల వయస్సున, 1986లో, రియర్ అడ్మిరల్ పదవినుండి విరమించెను. 1992 జనవరి 1వ తేదీన కాలధర్మము నొందెను. 2016లో అమెరికా ప్రభుత్వము ఆమెకు మరణానంతరము ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అను గౌరవము నొసగెను.

విద్యార్థులారా! లెక్క తప్పినపుడు పుటనంతయు కొట్టివేయకుడు. పక్కవానిపై నేరము మోపకుడు. తప్పు ఏ వరుసలో నున్నదో ఓపికతో వెదకి, తెలియనిచో తెలియదని యొప్పుకొనుడు. సత్యమును ప్రేమించువారికి ఇదియే తగిన మార్గము.