ఊపిరికి కాపలా - డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ

ఆపరేషన్ అయ్యాక ఆక్సిజన్ పెట్టారంటే ఝరాసంగంలో మా ఇళ్లవాళ్లకు గుండె జారిపోతుంది. డాక్టర్లు ఆశ వదులుకున్నారేమోనని ఏడుస్తారు. ఆ భయం పోవాలంటే రూపాబాయి గారి జీవితం తెలుసుకోవాలి.

ఆమెది పార్శీ కుటుంబం. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరు. 1889లో చదువు ముగించి, క్లోరోఫాంతో మత్తు ఇచ్చే పని చేపట్టారు. మత్తులో ఉన్న రోగి నాడి కంటే ఊపిరిని కనిపెట్టి చూడాలని ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ బోధించేవారు. 1888, 1889లలో నిజాం సాయంతో హైదరాబాదులోనే దీనిపై పరిశోధనలు జరిగాయి. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదన్న వారి మాట తర్వాత తప్పని తేలింది. ఊపిరిని గమనించాలన్న మాట నిలిచింది.

1909లో రూపాబాయి ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. 1920లో పదవీ విరమణ చేశారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెకు పేరు.

నేడు ఆ కాపలా ఆపరేషన్ తర్వాత కూడా సాగుతోంది. బాగా లావుగా ఉన్నవారు వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు ఊపిరితిత్తులను నొక్కుతుంది. మత్తు పూర్తిగా వదిలేలోగా రక్తంలో ఆక్సిజన్ తగ్గవచ్చు. అందుకే తలవైపు ఎత్తు చేసి, ఆక్సిజన్ పెట్టి, వేలికి క్లిప్పు తగిలించి చూస్తుంటారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రూపాబాయి గారికి ముందు ఆ దారిలో నడిచిన ఆడవాళ్లు లేరు. మా ఇళ్లలోనూ మాకు ముందు డిగ్రీ చదివినవారు లేరు. ఇంట్లోవాళ్లకు ధైర్యం చెప్పాల్సింది చదువుకున్న మనమే.