ముందు కొలత.. తర్వాతే మందు

ఫలానా ఆకు రసం ఇమ్యూనిటీ పెంచేస్తుందని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వచ్చిందా? ఇంకొకరికి పంపేముందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చదవండి.

పుట్టింది 1895లో. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నయ్య ప్రాణం తీసింది. అదే జబ్బు తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తర్వాత మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు. తగ్గింది కదా, చాలు అనుకుని మనమైతే అక్కడే ఆగిపోతాం. ఆయన ఆగలేదు. హార్వర్డ్‌కు వెళ్లి, ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ చదివారు.

1925లో ఫిస్క్‌తో కలిసి, నీలిరంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి రక్తంలో ఫాస్ఫరస్ లెక్కగట్టే పద్ధతి తెచ్చారు. ఆ కొలత వల్లే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ యాసిడ్‌ను 1945కల్లా ఆయన టీమ్ ల్యాబ్‌లో తయారుచేసింది. అన్నను మింగిన స్ప్రూకి అదే మందైంది! ఆ అణువులో చిన్న మార్పులు చేస్తే మెథోట్రెక్సేట్ వచ్చింది. మొదట క్యాన్సర్‌కు వాడారు. ఇప్పుడు తక్కువ డోసులో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కూ ఇస్తున్నారు. ఆ జబ్బులో ఇమ్యూనిటీ సొంత కీళ్లపైనే దాడి చేస్తుంది. మందు దాన్ని పెంచదు, అదుపులో పెడుతుంది.

1948లో 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఫార్మసీ, బయోటెక్ స్టూడెంట్సూ! ప్రాజెక్టుకి తిప్పతీగ తీసుకున్నారా? ఏ పదార్థం, ఎంత మోతాదు, ఏ కణంపై, దేంతో పోల్చి? ముందు ఈ నాలుగూ రాసుకోండి.