ఘోషా స్త్రీల న్యాయవాది కుమారి కార్నీలియా సొరాబ్జీ

మన ఇండ్లలో బిడ్డ లా చదువుతానంటే, ప్రాక్టీసు నిలబడుతుందా, రాబడి ఎంత ఉంటుంది అని ముందుగా అడుగుతాము. అందులో తప్పు లేదు. అయితే ఎవరి కొరకు చదువుతావు అని కూడా అడుగవలెనని కుమారి కార్నీలియా సొరాబ్జీ జీవితము మనకు నేర్పుచున్నది. అందుచేత ఆమెను ఇక్కడ జ్ఞాపకము చేసుకొనుచున్నాము.

ఆమె 1866 నవంబరు 15న నాసిక్‌లో జన్మించారు. తండ్రి రెవరెండ్ సొరాబ్జీ ఖర్సేద్జీ పార్శీ మతమునుండి క్రైస్తవులైనవారు. తల్లి ఫ్రాన్సినా పూనాలో పాఠశాలలు నడిపారు. కష్టములోనున్న స్త్రీలు ఆ తల్లి యొద్దకు సలహా కొరకు వచ్చేవారు. ఒకసారి ఘోషాలో ఉండే ఒక సంపన్నురాలు ఏడ్చుచు వచ్చినది. తన వ్యవహారములు చూచే మనిషే ఆమె ఆస్తిని కాజేసినాడు. పరపురుషుని ఎదుటికి రాకూడదు గనుక వకీలుతో చెప్పుకొనే దారి ఆమెకు లేదు. ఆ కన్నీరు చూచిన చిన్న కార్నీలియా మనసులో లా చదువవలెనను కోరిక అప్పుడే నాటుకొన్నది.

దారి సులువుగా దొరకలేదు. ఆమె దక్కన్ కాలేజీలో చదివి బొంబాయి విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రురాలయ్యారు. ఎంత బాగా ప్యాసైనను, స్త్రీ అన్న కారణముచేత ఇంగ్లండు చదువుకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఇవ్వలేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ మొదలగువారు చందాలు వేసి ఆదుకొనగా 1889లో ఆక్స్‌ఫర్డు చేరారు. 1892లో అక్కడ బి.సి.ఎల్. పరీక్ష వ్రాసిన మొదటి స్త్రీ ఆమెయే. కాని ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు డిగ్రీలిచ్చుట 1920లో గాని మొదలుపెట్టలేదు. స్వదేశము వచ్చి 1897లో ఎల్‌ఎల్.బి., 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్ష ప్యాసైనను, కోర్టు తలుపు తెరువబడలేదు.

నల్లకోటు కొరకే చదివియుంటే ఆమె అక్కడితో విసిగి మానుకొని యుండేవారని మేము తలంచుచున్నాము. ఆమె మాత్రము ఆ కన్నీటిని మరువలేదు. వారసులు మైనర్లో, ఘోషా స్త్రీలో అయినప్పుడు జమీందారీలను చూచుటకు ఆ రోజులలో కోర్ట్ ఆఫ్ వార్డ్సు ఉండేది. మన తెలుగు జిల్లాలలోను అది ఉండేది. 1904లో బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్సులో ఆమెకు ఉద్యోగము దొరికినది. పురుష వకీలుకు తెరువని అంతఃపురము తలుపు ఆమెకు తెరచుకొన్నది. దాదాపు ఇరువది సంవత్సరములు పల్లకీలలో, పడవలలో తిరిగి, ఆరువందలకు పైగా స్త్రీలకు, తండ్రిలేని బిడ్డలకు ఆస్తి విషయములలో, చదువు విషయములలో అండగా నిలిచారు.

ఆమెలో లోపమే లేదని మేము వ్రాయుట లేదు. ఆమె బ్రిటిషు పాలనను సమర్థించి, గాంధీజీ ఉద్యమమును వ్యతిరేకించారు. అది దేశప్రజలకు ఆమెను దూరము చేసినది. సేవ చేసినవారు సైతము అన్ని విషయములలో సరిగా చూడలేరని ఇది మనకు హెచ్చరిక.

1923లో చట్టము మారి స్త్రీలు న్యాయవాదులగుటకు అడ్డు తొలగినది. అప్పటికి ఆమె వయస్సు 56 దాటినది. కలకత్తా హైకోర్టులో కొద్ది సంవత్సరములే ప్రాక్టీసు చేసి, 1929లో విరమించి, 1954 జూలై 6న లండనులో కన్నుమూశారు.

న్యాయాధిపతిని విడువక వేడుకొన్న విధవరాలి ఉపమానము మనము బాల్యమునుండి వింటున్నదే. ఆ విధవరాలి పక్షమున నిలిచి మాటలాడువారు ఎవరు? ఈ సంవత్సరము లా కాలేజీలో చేరే మన బిడ్డలు ఈ ప్రశ్నను తమతో తీసికొని వెళ్లవలెనని మా కోరిక.